ఇంటికి తెచ్చిన సత్ప్రసాదం

సిస్టర్ల బడిలో మొదటి గంట మోగగానే మూడో తరగతి రెండుగా చీలిపోయేది. కథోలిక పిల్లలు కిటికీ వైపు, తక్కిన పిల్లలు గోడ వైపు; నడుమ మనిషెత్తు ప్లైవుడ్ అడ్డు. కిటికీ వైపు జరిగేదాని పేరు జ్ఞానోపదేశం. గోడ వైపు జరిగేదాన్ని టైంటేబుల్లో నీతిబోధ అని రాసేవారు గాని, దానికంటూ ఒక టీచర్‌ని ఆ బడి ఎన్నడూ నియమించలేదు. ఆ వేళకు ఖాళీగా దొరికిన వారెవరో వచ్చి కుర్చీలో కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, బల్లల మీద తలలు వాల్చి పడుకోమనేవారు. ఆ విధంగా గోడ వైపు పిల్లలకు ఏళ్ల తరబడి వంటబట్టిన నీతి ఒక్కటే: తల వంచుకోవాలి, నోరు మూసుకోవాలి.

కిటికీ వైపు పాఠం చెప్పేది లిడియా టీచర్. ఆమె ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో ఉపదేశిగారి కూతురు. ఫాదర్‌గారు రాలేని ఊళ్లలో జపాలు చెప్పించి, రోగుల మంచాల పక్కన కూర్చుని, పిల్లలకు దేవుడి సంగతులు నేర్పే మనిషిని ఉపదేశి అంటారు. ఆయన పాత మోపెడ్ మీద కాలవ గట్ల వెంట తిరుగుతుంటే, వెనక సీటు మీద కూర్చుని ఆమె బాల్యం గడిచింది. ఆయన దగ్గర ఆమె నేర్చుకున్నది ప్రధానంగా ఒక పద్ధతి. దేవుడి మాటను వినేవాడి ఇంట్లో ఉన్న వస్తువులతోనే చెప్పాలన్నది ఆ పద్ధతి. అందుకే వట్లూరు నుంచి షేర్ ఆటోలో వచ్చి, ఏలూరు దాటి కొల్లేరు వైపు దిగే రోడ్డు పక్కనున్న ఆ బడిలో ఆమె పాఠం చెబితే, గలిలయ సముద్రం అచ్చం కొల్లేరులాగే ఉండేది. పేతురు వలలో పడ్డవి ఏ చేపలని ఆమె ఒకసారి అడిగింది. కొర్రమీనులని కొందరు, శీలావతులని కొందరు తగువులాడుకున్నారు. శీలావతులైతే చెరువుల్లో పెంచేవి గదా, పేతురుగారు మేత వేయకుండా వల పట్టుకుని కూర్చుంటే ఏం పడతాయి టీచర్ అని అడ్డుకు అవతలి నుంచి ఒక గొంతు వచ్చింది. రెండు వైపులా నవ్వులు లేచాయి. బల్ల మీద తల వాల్చి పడుకోవలసిన పిల్ల ఆ మాట అన్నది.

ఆ పిల్ల పేరు నాగదుర్గ. వాళ్లది కొల్లేటికోట. తండ్రి నాగదుర్గారావు నరసరాజుగారి చేపల చెరువుల మీద మేత వేసే పనిలో కుదిరి, గట్టు మీద రేకుల షెడ్డులో భార్యతో, తల్లి పాపమ్మతో, కూతురితో కాపురముంటున్నాడు. ఆ షెడ్డు గోడకు వాళ్ల ఊరి అమ్మవారు పెద్దింట్లమ్మ పటం ఉండేది, దాని పక్కనే గుణదల మేరీమాత పటం ఉండేది, రెంటికీ కలిపి ఒకే పూలదండ ఉండేది. అందులో వింత ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సిస్టర్ల బడిలో వేస్తే ఇంగ్లీషు వస్తుంది, శుభ్రత వస్తుంది, దైవభక్తి కూడా వస్తుందని పట్టుబట్టి మనవరాలిని అక్కడ చేర్పించింది పాపమ్మే.

దైవభక్తి నిజంగానే వచ్చింది. అవతల కూర్చునే నాగదుర్గ పరలోక జపం, మంగళవార్త జపం, పది ఆజ్ఞలు అన్నీ కంఠస్థం చేసేసింది. కిటికీ వైపు ఎవరైనా నడుమ తడబడితే తరువాతి మాట గోడ వైపు నుంచి అందేది. నిన్నెవరు అడిగారే, పడుకో అని లిడియా పైకి కసిరేది గాని, లోలోపల ఆమెకు సంతోషంగానే ఉండేది. తన పాఠం అడ్డులు దాటి వెళుతోందంటే ఏ టీచరుకు మాత్రం చేదు?

అసలు సంగతి కొత్తనన్మకు ముందు వారాల్లో మొదలైంది. కథోలిక పిల్లలు మొదటిసారి సత్ప్రసాదం అందుకునే పండుగను అక్కడ కొత్తనన్మ అంటారు; నన్మ అంటే సత్ప్రసాదమే. పూజలో ఫాదర్‌గారు చేతికి అందించే ఆ తెల్లని పలుచని అప్పం, అప్పం కాదనీ సాక్షాత్తూ క్రీస్తు శరీరమేననీ వాళ్ల విశ్వాసం. అయితే దాన్ని సత్ప్రసాదం అని ఎందుకంటారని ఐశ్వర్య అనే పిల్ల లేచి అడిగింది. లిడియా తన తండ్రి పద్ధతిలోనే జవాబు చెప్పింది.

"ప్రసాదం అంటే మీకందరికీ తెలుసు గదా. దేవుడి దగ్గర నుంచి మన చేతికి వచ్చేది. అన్నింటిలోకీ గొప్ప ప్రసాదం గనక ఇది సత్ప్రసాదం. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టి భక్తిగా అందుకోవాలి. ఆకలిగొన్న వాళ్లందరి కోసం ఆయన తన్ను తానే ఇచ్చుకున్నాడు."

అందుకున్న వెంటనే అక్కడే నోట్లో వేసుకోవాలని, బయటికి తీసుకుపోవడం మహాపచారమని ఆమె చెప్పలేదా అంటే, చెప్పింది. కాని అది మరునాడు చర్చిలో వరసలో నడిచే అభ్యాసం చేయించేటప్పుడు, కథోలిక పిల్లలకు మాత్రమే చెప్పింది. పాఠంలో ఒక సగం అడ్డు దాటింది, ఒక సగం దాటలేదు.

కొత్తనన్మ ఇచ్చేది బడి పండుగ నాటి పూజలో; దానికి బడి మొత్తం రావలసిందే. ఆరాధనలో కూర్చోబెట్టే ముందు పిల్లల తల్లిదండ్రుల సమ్మతి అడగాలని రాజ్యాంగంలో ఒక మాట ఉంది. ఆ బడిలో ఆ మాట తెలిసినవారు దాన్ని మరిచిపోయారు, గుర్తుంచుకోవలసిన తల్లిదండ్రులకు అది తెలియనే తెలియదు. ముందు వరసల్లో తెల్లగౌన్లు, పూలకిరీటాలు, వెలిగించిన కొవ్వొత్తులు. వెనక చాపల మీద తక్కిన పిల్లలు. సత్ప్రసాదం వరస కదలగానే నాగదుర్గ యూనిఫాంలోనే లేచి, పెద్ద తరగతుల పిల్లల వెనక చేరింది. ఎవరూ గమనించలేదు. ఫాదర్‌గారు క్రీస్తు శరీరము అన్నారు. నాగదుర్గ ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టి ఆమెన్ అంది. ఆ రోజు ఆ మాటను అంత స్పష్టంగా పలికిన నోళ్లు ఎన్నో లేవు. తరువాత చాప మీదికి వచ్చి, చేతిరుమాలు విప్పి, అప్పాన్ని అందులో జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది.

దాన్ని తినకుండా ఉంచింది పాపమ్మ కోసం. ప్రసాదం చేతిలో పడ్డాక ఒక్కరే అక్కడికక్కడ తినేస్తే అది వట్టి తిండి అవుతుందని, ఇంటికి తెచ్చి, రాలేక మంచాన పడ్డవాళ్లకు ముందు పెట్టి, మిగిలింది అందరూ తుంచుకోవాలని పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లిన ప్రతిసారీ ఆవిడ మనవరాలికి చెప్పేది. ఆ ఏడు ఆయాసంతో, కాళ్ల వాపుతో మంచాన పడ్డది పాపమ్మే. సాయంత్రం నాగదుర్గ రుమాలు విప్పి సగం తుంచి మామ్మ చేతిలో పెట్టింది. పాపమ్మ దాన్ని కళ్లకద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. మిగిలిన సగాన్ని తల్లీ తండ్రీ పిల్లా తలా ఒక తునక పంచుకున్నారు. ఆ రోజంతటిలో, చర్చిలో జరిగినదాన్ని కూడా కలుపుకుని, దానికన్నా భక్తిగా జరిగిన పని ఇంకొకటి ఉండదు.

మరునాడు నాగదుర్గ ఆ సంగతి ఐశ్వర్యతో గొప్పగా చెప్పుకుంది. ఐశ్వర్య వాళ్లమ్మతో చెప్పింది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ప్రీతికి ఫోన్ చేసింది. సిస్టర్ ప్రీతి శుభ్రతకు, వరసకు, నిశ్శబ్దానికి ప్రాణమిచ్చే మనిషి. ఫోన్ పెట్టేసి ఆవిడ నిజంగా ఏడ్చిందని ఆయా చెప్పింది. లిడియా ఆ మాట నమ్మింది. సత్ప్రసాదం కోసం అంత నిజాయితీగా ఏడ్చిన మనిషి మరునాటి ఉదయం ప్రేయర్‌లో చేసిన పనిని తలుచుకున్నప్పుడల్లా, ఆ కన్నీళ్లు కూడా లిడియాకు రోత పుట్టించేవి.

ప్రేయర్‌లో నాగదుర్గను సిస్టర్ ప్రీతి ముందుకు పిలిచింది. ఏం చేశావో అందరికీ వినపడేలా చెప్పమంది. నాగదుర్గ, మెచ్చుకోవడానికే పిలిచారనుకుని, పూసగుచ్చినట్టు చెప్పింది: రుమాలు ఎలా ఉతికి తెచ్చుకుందో, మామ్మకు ముందు ఎలా పెట్టిందో, తాను చివర ఎలా తిన్నదో. చిన్న తరగతుల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. అప్పుడు సిస్టర్ మైకు దగ్గరికి వంగి, ప్రభువు శరీరాన్ని అయోగ్యంగా తిన్నవాళ్లు తమ శిక్షను తామే తిన్నట్టని బైబిల్లో ఉందని చెప్పింది.

"నువ్వు తిన్నది చాలక మీ ఇంట్లోవాళ్ల చేత కూడా తినిపించావు" అంది.

ఆ వారమంతా విరామంలో నాగదుర్గ మరియమాత గుహ ముందు కంకర మీద మోకాళ్లూనాలని తీర్పు. టీచర్లందరూ వరసలో నిలబడి విన్నారు. లిడియా కూడా వరసలోనే ఉంది. ఆ మధ్యాహ్నానికి పిల్లలు నాగదుర్గకు దొంగనన్మ అని పేరు పెట్టేశారు. ఏయ్ దొంగనన్మా, రబ్బరు ఇవ్వవే అని ఒకరు. దొంగనన్మ ముట్టుకున్న బాటిల్ నాకొద్దు అని ఇంకొకరు. కరుణ గురించి, పాపుల స్నేహితుడి గురించి ఎన్నో ఏళ్లుగా లిడియా చెప్పిన పాఠాలన్నీ విన్న పిల్లలే వాళ్లు.

లిడియా ఆఫీసు గదికి వెళ్లింది. మాట మెత్తగానే మొదలుపెట్టింది.

"సిస్టర్‌గారండీ, చావైన పాపం అనాలంటే మూడుండాలని మనమే చెబుతాం గదండీ. విషయం పెద్దదై ఉండాలి, అది పాపమని పూర్తిగా తెలిసుండాలి, తెలిసీ మనసా చేసుండాలి. ఆ పిల్లకు రెండోది లేదు, మూడోది అసలే లేదండీ. ప్రసాదమనుకుని వాళ్లింటి ఆచారం ప్రకారం చేసింది. ప్రసాదమన్న మాట చెప్పింది నేనండీ."

"అవన్నీ కొత్తనన్మ పరీక్షకు చదివించేవండీ టీచర్‌గారూ" అంది సిస్టర్. "ఇది దేవుడి సంగతి."

ఆ జవాబు విని లిడియా బయటికి వచ్చేసింది. తాను ఇంతకాలం పిల్లలకు నేర్పింది దేవుడి సంగతి కాదన్నమాట. పరీక్షకు చదివించే సామగ్రి అన్నమాట. గుహ దగ్గరికి వెళ్లి నాగదుర్గను లేవనెత్తి, మోకాళ్లకు అంటుకున్న కంకర దులిపింది. పిల్ల మళ్లీ మోకాళ్లూనింది. సిస్టర్‌గారు చూస్తున్నారండీ టీచర్ అంది.

ఆ వారాంతంలో పాపమ్మకు ఆయాసం ముదిరి ఏలూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. అది గుండెజబ్బు, పిల్ల రుమాలు విప్పడానికి చాలా ముందు నుంచే ముదురుతున్న జబ్బు. కాని నాగదుర్గకు లెక్క తేలిపోయింది. సోమవారం ఆమె విరామంలో లిడియా దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"శిక్ష మామ్మకి వచ్చేసిందండీ" అంది.

అప్పటి నుంచి ఆ పిల్ల పాపమ్మను ముట్టుకోలేదు. ఆసుపత్రికి తీసుకెళితే మంచానికి దూరంగా తలుపు దగ్గరే నిలబడిందని, మామ్మకు జావ పట్టమంటే చేతులు వీపు వెనక దాచుకుందని తల్లి వచ్చి లిడియాతో చెప్పుకుంది. రోజూ మామ్మకు అన్నం కలిపి పెట్టింది ఆ చేతులే. లిడియా పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నువ్వు పాపమేమీ చేయలేదని, జబ్బులు అలా రావని, తనకు తెలిసిన అన్ని విధాలా చెప్పింది. నాగదుర్గ మర్యాదగా అంతా విన్నది.

"మీరు టీచర్ గదండీ" అంది చివరికి. "పాపం ఉందో లేదో చెప్పేది ఫాదర్‌గారని మీరే చెప్పారు."

ఆ మాట నిజమే. లిడియాయే చెప్పింది. ఇక ఆమెకు కావలసింది ఒక్కటే: ఫాదర్‌గారి నోట, ఆ పిల్ల చెవిని, ఒక్క వాక్యం. నువ్వు పాపం చేయలేదు. ఇంతకన్నా చవకగా ఏ బిడ్డనూ బయటపడేయలేమని ఆమె అనుకుంది.

ఈలోగా నరసరాజుగారు రంగంలోకి దిగారు. ఆసుపత్రిలో తల్లి దగ్గర ఉండటానికి నాగదుర్గారావు సెలవడుగుతూ కారణాలు చెబితే, అందులో ఒక కారణం ఆయన చెవికి ఇంపుగా తగిలింది. మరునాడు తెల్లచొక్కాల వాళ్లను కొందరిని వెంటేసుకుని బడి గేటు ముందు దిగి, మా పిల్లల నోట్లో బలవంతంగా అప్పాలు కుక్కి మతం మారుస్తున్నారని ఫోన్లో వీడియో తీయించారు. నాగదుర్గారావును ముందు నిలబెట్టి చెప్పమన్నారు. అతను తుండుగుడ్డ నలుపుకుంటూ, మా పాపండీ, పూజలోనండీ అని ఆగిపోయాడు. ఏవయ్యా, అన్నం తినలేదా, గట్టిగా చెప్పు అని ఆయన గదిమారు. చివరికి ఆయనే చెప్పారు. వీడియోలో పిల్ల పేరు నాగమణి అన్నారు. తన చెరువు గట్టు మీదే పుట్టి పెరుగుతున్న పిల్ల పేరు ఆయనకు తెలియదు. ఆసుపత్రిలో ఉన్న పాపమ్మను చూడటానికి ఆయన గాని, ఆయన వెంట వచ్చిన ధర్మరక్షకుల్లో ఒక్కరు గాని వెళ్లలేదు. ఆ గట్టు మీద తాగే నీళ్లు వాసనొస్తున్నాయని నాగదుర్గారావు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పొంగని ఆత్మాభిమానం, ఒక అప్పం ముక్కకు ఇంతగా పొంగింది.

లిడియా ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఎవరినీ నొప్పించకూడదన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని ఆచరించే క్రమంలో, నొప్పి కలిగితే నోరెత్తలేని వాళ్లను మాత్రమే నొప్పిస్తుంటారు. ఆయన ఆమె చెప్పిందంతా తల పంకిస్తూ విన్నారు. పాపం ఎక్కడిదండీ పసిపిల్లకు అని కూడా అన్నారు. ఆ మాట ఆ పిల్లతో చెప్పండని ఆమె అడిగితే, తప్పకుండానండీ, ఈ గొడవ కాస్త చల్లారనివ్వండి అన్నారు.

గొడవ ఆశ్చర్యం గొలిపేంత తొందరగా చల్లారింది. నినాదాలు ఆగిపోయాయి, వీడియో ఫోన్లలోంచి మాయమైంది, నరసరాజుగారి కారు గేటు బయట కాక లోపల వేపచెట్టు కింద ఆగడం మొదలైంది. ఎందుకో లిడియాకు ఒక ఉదయం అర్థమైంది. ఆటస్థలంలో ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలుస్తూ, గోడ పొడవునా వెదురు గడలు పాతుతున్నారు. చేపల లారీలు చుట్టు తిరగకుండా నేరుగా మెయిన్ రోడ్డెక్కడానికి బడి స్థలంలోంచి దారి ఇవ్వమని ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్నారని, సిస్టర్లు కుదరదంటున్నారని బడిలో అందరికీ తెలుసు. ఇప్పుడు కుదిరింది. క్రీస్తు శరీరాన్నీ హిందూ ధర్మాన్నీ ఒకే తక్కెడలో వేసి, మధ్యన లారీ వెడల్పున నేల కొలుచుకున్నారు.

ఆఫీసు గదికి లిడియాను పిలిచారు. సిస్టర్, ఫాదర్‌గారు, నరసరాజుగారు కూర్చుని ఉన్నారు. బల్ల మీద టీ, బిస్కెట్లు. నాగదుర్గారావు గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు. ఒప్పందం ఏమిటో సిస్టర్ వివరించింది. రాజుగారు ఇది అపార్థమని తమవాళ్లకు చెబుతారు. పిల్ల టీసీ తీసుకుని వేరే బడికి వెళుతుంది, అది అందరికీ మంచిది. వరసలోకి పిల్ల రావడం లిడియా టీచర్ అజాగ్రత్త వల్ల జరిగిందని టీచర్‌గారు అందరి ముందు ఒప్పుకుంటే చాలు, ఉద్యోగానికేమీ ఢోకా లేదు.

"ఒప్పుకుంటానండీ" అంది లిడియా. "నా మాట వల్లే జరిగింది, అది నిజమే. కాని ముందు ఫాదర్‌గారు ఆ పిల్లను పిలిచి, పాపం చేయలేదని ఒక్క మాట చెప్పాలండీ. అది మామ్మను ముట్టుకోవడం మానేసింది."

నరసరాజుగారు బిస్కెట్ టీలో ముంచుతూ నవ్వారు. "ఏవండీ టీచర్‌గారూ, పాపాలూ పుణ్యాలూ మీరూ మీరూ తర్వాత చూసుకోండి. మాకు దారి సంగతి తేలింది, చాలు."

ధర్మం సంగతి అనబోయి దారి సంగతి అన్నారు. గదిలో అందరూ విన్నారు. అందరూ బిస్కెట్ల వైపు చూశారు. తడిసిన బిస్కెట్ ముక్క విరిగి ఆయన కప్పులో పడింది; ఆయన దాన్ని వేలితో తీసుకుని తిన్నారు. లిడియా ఫాదర్‌గారి వైపు తిరిగింది.

ఫాదర్‌గారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు నేను పాపం లేదంటే, సిస్టర్‌గారు వేసిన శిక్ష తప్పన్నట్టవుతుందండీ. పాపం ఉందంటే, తన మనిషి బిడ్డను పాపి అన్నామని రాజుగారికి కష్టం. ఏదీ అనకుండా ఉండటమే ఇప్పటికి మేలు."

"ఆ పిల్లకో ఫాదర్‌గారండీ?"

"చిన్నపిల్ల. నాలుగు రోజులు పోతే మరిచిపోతుంది."

లిడియా వాళ్లను ఒక్కొక్కరినే చూసింది. చిన్నప్పుడు తండ్రి మోపెడ్ వెనక కూర్చుని వెళుతూ, చచ్చిన చేపలు తేలిన చెరువు దాటేటప్పుడు ఊపిరి బిగబట్టుకునే అలవాటు ఆమెకు ఉండేది. ఇప్పుడా గదిలో ఆమె అదే చేస్తోందని కొంచెం ఆలస్యంగా గ్రహించింది. అయితే నేనూ ఏదీ అననండీ అని చెప్పి బయటికి వచ్చేసింది.

మరునాటి నుంచి జ్ఞానోపదేశం పీరియడ్ ఆమెది కాదు. నాగదుర్గారావు కూతురి టీసీ రెండు చేతులతో అందుకుని, మంచిదండీ అని సిస్టర్‌కు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారాన్ని సిస్టర్ చిరునవ్వుతో స్వీకరించడం లిడియా వరండాలోంచి చూసింది.

ఆదివారం సాయంత్రం ఆమె చెరువు గట్టుకు వెళ్లింది. పాపమ్మను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేశారు. బతికి బయటపడింది గాని చెయ్యెత్తే ఓపిక లేదు. షెడ్డు ముందు నులకమంచం మీద దిండుకు చేరగిలబడి ఉంది. కోడలు జావ గిన్నె పట్టుకుని, కొంచెం తాగండత్తా అని బతిమాలుతోంది. మేత బస్తాల ముక్కవాసన గట్టంతా కమ్ముకుని ఉంది. నాగదుర్గ మంచానికి దూరంగా, మడిచిన వలల కుప్ప మీద కూర్చుని ఉంది. టీచర్‌ను చూసి లేచి నిలబడింది. చేతులు వెనక్కి వెళ్లిపోయాయి.

లిడియా దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చింది. దేవుడు అలాంటివాడు కాదని చెప్పాలనుకుంది. సిస్టర్‌గారు పొరబడ్డారని, పెద్దవాళ్లు కూడా పొరబడతారని చెప్పాలనుకుంది. పిల్ల వాటిలో ఒక్క దానికీ అవకాశం ఇవ్వలేదు.

"ఫాదర్‌గారు చెప్పారాండీ?" అని అడిగింది.

లిడియా ఆ ముఖం వైపు చూసింది. కాదంటే ఆ పిల్ల మారుమాట అనదు. సరేనండీ అంటుంది. ఆ చేతులు వెనకే ఉండిపోతాయి.

"చెప్పారమ్మా" అంది. "నీతో చెప్పమని నన్ను పంపించారు."

"ఏమన్నారండీ?"

"నాగదుర్గ ఏ పాపమూ చేయలేదు, మామ్మకు ప్రసాదం తెచ్చి పెట్టడం మంచి పని అన్నారు."

"నా పేరు పెట్టే అన్నారాండీ?"

"నీ పేరు పెట్టే అన్నారు."

నాగదుర్గ ఆలోచించింది. ఆమె అంత తేలికగా నమ్మే పిల్ల కాదు. పేతురుగారి వలను కూడా ప్రశ్నించిన పిల్ల. "మరి మోకాళ్ల మీద ఎందుకుంచారండీ?"

"అది తప్పు శిక్ష అన్నారు."

"మరి ఆయనే వచ్చి చెప్పొచ్చు గదండీ?"

"ఆయనకి సిగ్గుగా ఉందమ్మా" అంది లిడియా.

ఈ జవాబు పిల్లకు నచ్చింది. తప్పు చేసినప్పుడు ఎదుటికి రావడానికి సిగ్గుగానే ఉంటుందని ఆమెకు తెలుసు. ఇంకోసారి చెప్పండి టీచర్, ఆయన అన్న మాటే అని అడిగి, మొదటి నుంచీ మళ్లీ చెప్పించుకుంది. తరువాత తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, ఇలా ఇవ్వమ్మా అంటూ తల్లి చేతిలోంచి జావ గిన్నె అందుకుంది. పాపమ్మ నోరు తెరవబోయే ముందు లిడియా వైపు ఒకసారి నిదానంగా చూసింది.

"మీ ఫాదర్‌గారు శానా మంచోరు టీచరమ్మా" అంది. ఆ మాటలో ఏముందో లిడియాకు అంతుపట్టలేదు, అడగలేదు.

మరునాడు పొద్దున్నే పూజకు ముందు ఆమె ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లింది. ఆయన పూజవస్త్రాలు తొడుక్కుంటున్నారు. మీ పేరు మీద ఒక మాట చెప్పి వచ్చానని మొదలుపెట్టి, గట్టు మీద తాను అన్నదంతా, సిగ్గు మాటతో సహా, ఒక్క అక్షరం తగ్గించకుండా ఆయనకు అప్పజెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"నేను అనని మాట నా నోట ఎలా పెడతారండీ? అబద్ధం కాదా అది?"

"అబద్ధమేనండీ" అంది లిడియా. "పాపమే అయితే అది నాది, మోస్తాను. మీరు కాదనదలచుకుంటే నేనేమీ అడ్డు చెప్పను. గట్టు మీదికి వెళ్లి, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, నేను అలా అనలేదమ్మా అని చెప్పి రండి."

బయట పూజకు గంట కొట్టారు. ఆయన భుజం మీది వస్త్రం సర్దుకుని, ఆమె వైపు చూడకుండానే పీఠం వైపు నడిచారు.

ఆ రోజు ఆయన గట్టుకు వెళ్లలేదు. ఆ వారమూ వెళ్లలేదు, ఆ తరువాతా వెళ్లలేదు. ఒక మాట తనది కాదని చెప్పాలన్నా మనిషి అంతదూరం నడిచి, ఒక పసిపిల్ల కళ్లలోకి చూడాలి. అది ఆయనకు చేతకాలేదు. కాదనే వారెవరూ రాకపోవడంతో ఆ గట్టు మీద ఆ మాట ఆయన మాటగానే నిలబడిపోయింది.